పటిక అద్దిన రెక్క

బందరులో కరివేపాకు ఎవరూ కొనుక్కోరు. ఎవరో ఒకరి పెరట్లో చెట్టుంటుంది. పొయ్యి మీద పోపు మాడేలోపు గోడ మీంచి ఒక రెమ్మ అడుగుతారు, అవతలివాళ్ళు తుంచి ఇస్తారు. బజార్లో కట్టలు కట్టి పెట్టేది హోటళ్ళ కోసం, నాలాంటి వాళ్ళ కోసం. నేను హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్‌లో పెరిగాను. మా ఇంట్లో కరివేపాకు ఫ్రిజ్‌లో, ప్లాస్టిక్ కవర్లో ఉండేది. ఫోన్లో ఆర్డర్ పెడితే పది నిమిషాల్లో వచ్చేది. ఆ ఆకుని మనిషిని అడిగి తీసుకోవాలన్న సంగతి నాకు అర్థమయ్యేసరికి ముప్పై పురుగులు నా గదిలో చచ్చిపోయి ఉన్నాయి.

నేను బందరులో పీజీ చేస్తున్నాను, జువాలజీ. ఆఖరి సెమిస్టర్‌కి ఒక ప్రాజెక్ట్ చెయ్యాలి. క్లాసులో అందరూ చేపలు, రొయ్యలు తీసుకున్నారు. నేను సీతాకోకచిలుక తీసుకున్నాను. అందరూ చేసేది నేను చెయ్యను అనే పొగరు తప్ప మొదట్లో ఇంకో కారణం లేదు.

కరివేపాకు చెట్టు మీద, నిమ్మ చెట్టు మీద గుడ్లు పెట్టే నల్ల సీతాకోకచిలుక ఒకటుంది. మీ పెరట్లో కూడా తిరిగే ఉంటుంది. మగది నలుపు, వెనక రెక్కల మీద అడ్డంగా తెల్ల మచ్చల వరస. ఆడవాటిలో కొన్ని అచ్చం మగదానిలాగే ఉంటాయి. కొన్ని మాత్రం వేరే జాతి వేషం కడతాయి. వెనక రెక్కల మీద ఎర్ర చుక్కలు, ముందు రెక్కల మీద తెల్లటి పట్టీలు. ఆ వేషం గాడిదగడపాకు తిని పెరిగే ఇంకో సీతాకోకచిలుకది. ఆ ఆకు విషం, ఆ విషం దాని ఒంట్లోనే నిలిచిపోతుంది. ఒకసారి దాన్ని నోట పట్టిన పిట్ట మళ్ళీ ఆ ఎరుపు జోలికి రాదు. కరివేపాకు తిన్నదానికి విషం లేదు, విషం ఉన్నదాని బొమ్మ మాత్రం ఉంది. పిట్టలు అనుమానించి వదిలేసినవి బతికి, వాటి పిల్లలు బతికి, వేల తరాలకి ఆ బొమ్మ అంత బాగా కుదిరింది. రెక్కల వరకే కుదిరింది. పొట్ట చూస్తే దొరికిపోతుంది. అసలుదానికి పొట్ట కూడా ఎరుపు. దీనికి నలుపే.

నన్ను పట్టుకున్నది ఇది కాదు. ఇంత వేషాన్నీ ఒకే ఒక్క జన్యువు నడిపిస్తుందని తెలిసినప్పుడు నాకు మతిపోయింది. నువ్వు ఆడ, నువ్వు మగ అని ఒంటికి చెప్పే జన్యువే ఈ పనిని కూడా నెత్తిన వేసుకుంది. మగదానిలో కూడా ఎరుపు వేషం తాలూకు జన్యువు ఉండొచ్చు. కానీ పైకి రాదు. తల్లి ఎరుపుని కొడుకు మోస్తాడు, తన కూతురికి అందిస్తాడు, తన ఒంటి మీద మాత్రం ఒక్క చుక్క కూడా కనిపించనివ్వడు.

గుడివాడలో మా పెద్దమ్మ వాళ్ళింట్లో మకాం పెట్టి నెల రోజులు పెరళ్ళన్నీ తిరిగాను. ఆడవి చాలా దొరికాయి. అన్నీ మగవేషమే. ఎర్రది ఒక్కటీ లేదు. మా గైడ్ మేడమ్‌కి ఫోన్ చేసి చిరాకు పడితే, ఆవిడ నిదానంగా, అసలుది ఉన్నచోటే నకిలీ బతుకుతుందమ్మా, గాడిదగడపాకు ఎక్కడుందో వెతుకు అన్నారు.

అది నాగాయలంకలో దొరికింది. మా అమ్మకి వరసకి అన్నయ్య, నాకు మావయ్య, ఆయన చేని గట్టు మీద. కాలవ పక్కన బీడు పడ్డ రెండు చేల మధ్య పొడుగాటి గట్టు, నేలంతా ఆ తీగే. వెనకటికి పశువుల పుండ్లకి దాని పసరు పిండేవాళ్ళట, ఇప్పుడు పశువులూ లేవు. ఆ గట్టు మీద ఎర్ర పొట్ట ఉన్నవి ఒకటీ రెండూ కాదు, కళ్ళు తిరిగేటన్ని. వాటి మధ్యలో, కాస్త వేరుగా రెక్కలాడిస్తూ, నల్ల పొట్టతో ఒకటి. నేను వల విసరలేదు, దాదాపు దాని మీద పడ్డాను. మోచేయి గీరుకుపోయింది.

అప్పుడే మావయ్య చెప్పాడు, వానలు వెనకబట్టగానే పొక్లెయిన్ వస్తుందని, రెండు చేలూ కలిపి రొయ్యల చెరువు చేస్తున్నామని. గట్టు ఉంచమని అడిగాను. అడగడం కాదు, అరిచాను. ఆయన నవ్వాడు.

“కోడలా, సీతాకోకచిలక కోసం చెరువు ఆపానంటే నాగాయలంకలో నాకు పిల్లనిచ్చేవాళ్ళు కూడా ఉండరే.”

“మీకు పెళ్ళయి ముప్పై ఏళ్ళయింది మావయ్యా.”

“అందుకే కదా ధైర్యంగా తవ్విస్తున్నా.”

అంతే. ఆయన చెడ్డవాడేం కాదు. దారిలో తినమని రేగొడియాలు కట్టించి బస్సెక్కించాడు. అట్టపెట్టెని ఒళ్ళో పెట్టుకుని, అవనిగడ్డ మీదుగా బందరు దాకా ఆ ఎర్ర చుక్కల్ని కన్నంలోంచి చూస్తూనే ఉన్నాను. నా చేతిలో ఉన్నది ఒక్క తల్లి. ఆ గట్టు పోతే ఇంకో తల్లి దొరకదు. మేడమ్ కూడా అదే చెప్పారు. ఈ ఒక్కదాని పిల్లల్ని చివరిదాకా పెంచు, ఆడపిల్లల్లో ఎంతమందికి ఎరుపు వచ్చిందో చూపించు, అదే నీ ప్రాజెక్ట్.

దోమతెర కట్టి, లోపల కరివేపాకు రెమ్మలు పెట్టి వదిలాను. చక్కెర నీళ్ళలో ముంచిన దూది దాని మూతికి ఆనించేదాన్ని. ఆరు రోజులు బతికింది. లేత ఆకుల మీద ఒక్కొక్కటిగా, పసుపు ఆవగింజల్లాంటి గుడ్లు పెట్టింది. అందులో ముప్పై ఒకటి పిల్లలయ్యాయి. ఒక్కోదాన్ని ఒక్కో ప్లాస్టిక్ డబ్బాలో పెట్టాను.

పుట్టినప్పుడు అవి పిట్ట రెట్టలా ఉంటాయి. అది కూడా వేషమే. పెరిగాక ఆకుపచ్చగా అవుతాయి. వేలితో తాకితే తల వెనకనుంచి రెండు ఎర్రటి కొమ్ములు బయటపెట్టి, కుళ్ళిన నిమ్మకాయ వాసన కొడతాయి. నాకు ఆ వాసన అలవాటైపోయింది. గదంతా అదే. చర్చికి వెళ్ళినా నా చున్నీ దగ్గర అదే, పక్కన కూర్చున్నవాళ్ళు జరిగేవాళ్ళు.

సమస్య ఆకు. ఆ పురుగులు తినే తిండి చూస్తే భయమేస్తుంది. నేను అద్దెకున్న మేడకి చెట్టు లేదు. పక్కింటి ముస్లింల పెరట్లో ఉంది, మేడంత ఎత్తుది. ఆ ఇంటావిడని మొదట ఆంటీ అన్నాను. ఆంటీ ఏంటి, కూరగాయల కొట్టువాడు పిలిచినట్టు, పిన్నీ అను అంది. అప్పట్నుంచి పిన్ని. రోజూ పొద్దున్నే రెమ్మలు కోసి, స్టీలు గిన్నెలో పెట్టి, తడిగుడ్డ కప్పి, మా ఇళ్ళ మధ్య గోడ మీద పెట్టేది. నేను తీసుకుని ఖాళీ గిన్నె మళ్ళీ గోడ మీద పెట్టేదాన్ని. “నీ ముప్పైమంది పిల్లలూ టిఫిన్ తిన్నారా?” అని రోజూ అదే జోకు. రోజూ నవ్వేదాన్ని.

వాళ్ళాయన పెడనలో కలంకారీ అద్దకం పని చేస్తాడు. బాబాయ్ అని పిలిచేదాన్ని. ఒక ఆదివారం మధ్యాహ్నం నా పురుగుల్ని చూడటానికి మేడ మీదకొచ్చి, నేను జన్యువు గురించి ఎంత చెప్పినా తల పంకిస్తూ విని, చివరికి మర్నాడు తనతో పెడన రమ్మన్నాడు. అక్కడ బల్ల మీద పరిచిన బట్ట మీద కొయ్య అచ్చుతో పటిక నీళ్ళు అద్దుతున్నారు. అద్దినచోట దాదాపు ఏమీ కనపడదు. ఆరాక అసలే కనపడదు. ఆ బట్టని చెవ్వలకోడి అనే మొక్క వేరు వేసిన నీళ్ళల్లో ఉడికిస్తే, పటిక తగిలినచోట మాత్రమే ఎరుపు తేలుతుంది.

“ఇదీ అదీ పక్కపక్కన పెడితే దేనికి పటిక ఉందో నేను కూడా చెప్పలేనమ్మాయ్,” అన్నాడు రెండు తెల్లటి గుడ్డముక్కలు చూపించి. “ముప్పై ఏళ్ళ నుంచీ అద్దుతున్నా. ఉడికిస్తేనే తెలిసేది.”

మగవాటిలో కూడా పటిక ఉంటుంది బాబాయ్, వాటిని ఉడికించరు, అంతే తేడా అన్నాను. ఆయనకి నచ్చింది. సాయంత్రం ఇంటికొచ్చాక పిన్నికి చెప్తుంటే గోడ ఇవతలికి వినిపించింది. “మగాళ్ళని ఉడికించే పని నీదే అంట.”

ఆ రెండు వారాలు నేను బాగున్నాను. ఈ ఊరొచ్చాక అంత బాగున్నది అప్పుడే.

తర్వాత చేసింది నేనే. నేను అన్నీ వీడియో తీస్తాను. తినేది, నడిచేది, వాన, బస్సు కిటికీ. పిన్ని ఒకరోజు నైటీ మీద తువ్వాలు వేసుకుని, స్టూలెక్కి, పై కొమ్మ వంచుతూ పురుగుల్ని తిట్టిపోస్తోంది. “మీ అమ్మ ఏ మూర్తంలో గుడ్లు పెట్టిందే, నా చెట్టు బోడి చేశారు కదా!” భలే ఉంది. తీసి, పాట కలిపి, నెట్‌లో పెట్టేశాను. పురుగుల వీడియోలు ఎవరూ చూడలేదు గానీ ఇది మాత్రం ఊరూవాడా చూసింది.

మూడో రోజు పొద్దున గిన్నె గోడ మీద పెట్టి పిన్ని అక్కడే నిలబడింది.

“మా ఆడపడుచు ఫోన్ చేసిందమ్మా. నైటీలో స్టూలెక్కి డాన్సులేంటి వదినా అంది. అది తీసెయ్యమ్మా.”

తీసేస్తే అయిపోయేది. ఒక్క నొక్కు. కానీ ఆ పూట మేడమ్ పెట్టిన మెసేజ్ చూసి అప్పటికే తిక్క మీదున్నాను. మగవి తొందరగా పెరుగుతాయి, ముందు ప్యూపా అయినవి చూసి సంబరపడకు అని రాశారు ఆవిడ. ముందు రాత్రే ఒకటి ప్యూపా అయింది, నేను నిజంగానే సంబరపడుతున్నాను.

“మొహం కూడా సరిగ్గా కనపడదు కదా పిన్నీ. దీనికింత రాద్ధాంతమా?”

“నా మొహం కనపడిందో లేదో నువ్వా చెప్పేది?”

“ఆకులిస్తున్నారని ఇన్ని మాటలు పడాలా? రేపట్నుంచి అక్కర్లేదు. బజార్లో దొరకని వస్తువేం కాదు.”

పిన్ని తడిగుడ్డ సర్ది లోపలికెళ్ళిపోయింది. గిన్నె అక్కడే ఉంది. నేను తీసుకోలేదు.

రైతుబజారుకి వెళ్ళాను. కట్టలు నిగనిగలాడుతున్నాయి. ముదురాకుపచ్చ, పెద్ద పెద్ద ఆకులు, ఎక్కడా ఒక్క చిల్లి లేదు. పిన్ని చెట్టు ఆకులకి అన్నీ చిల్లులే. చూశావా, ఇవీ ఆకులంటే, అని మనసులో ఆవిడకి చెప్పాను కూడా. ఇంటికొచ్చి రెండుసార్లు కడిగాను, ఫ్యాను కింద ఆరబెట్టాను, డబ్బాలన్నిట్లో పంచాను. అవి ఆకలి మీదున్నాయి. కరకరా తిన్నాయి. ఆ చప్పుడు వినిపిస్తుంది, నిజంగా.

సాయంత్రానికి తినడం ఆపేశాయి. ఎవరూ ముట్టుకోకుండానే ఎర్ర కొమ్ములు బయటపెట్టి, తల అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి. నోట్లోంచి ఆకుపచ్చ నీళ్ళు. కాడ మీంచి ఒక్కొక్కటే పట్టు వదిలేసి డబ్బా అడుగున పడ్డాయి. కొన్ని సగం వేలాడుతూ ఉన్నాయి. నేను వాటిని మళ్ళీ ఆకు మీద ఎక్కించాను. అదే ఆకు మీద. అప్పుడు కూడా నాకు తట్టలేదు.

ఫోన్లో ఏఐని అడిగాను. నాలుగు సెకన్లలో చెప్పింది. కరివేపాకుకి కొట్టే మందులు, ఆకు లోపలికి ఇంకేవి, కడిగినా పోనివి. ఆ సమాధానం రోజూ నా చేతిలోనే ఉంది. పొద్దున అడిగినా నాలుగు సెకన్లే.

మర్నాడు పొద్దున ముప్పై. డబ్బాలు తెచ్చి గోడ మీద వరసగా పెట్టాను. ఎందుకు పెట్టానో తెలీదు. పిన్ని ముఖం కడుక్కుంటూ చూసింది. గిన్నె కొత్త ఆకులతో అక్కడే ఉంది. ముందురోజువి వాడిపోయి పక్కన పోసి ఉన్నాయి. అంటే ఆవిడ ఈ పొద్దున కూడా కోసి పెట్టింది.

“కొన్నావా?” అంది. కోపంగా కాదు. “కరివేపాకు కొన్నావా?”

తలూపాను.

“పురుగు ముట్టని ఆకే కదమ్మా బజారుకొచ్చేది. మరి నీ పురుగు ఎట్టా బతుకుద్ది?”

ఆ మాట పక్కన నా ఐదేళ్ళ జువాలజీ ఎందుకూ పనికిరాదు. వీడియో అక్కడే నిలబడి తీసేశాను, సారీ పిన్నీ అన్నాను. “నాకెందుకమ్మా సారీ,” అంది. “నా ఆకులు వాడిపోయాయి, అంతే.” తర్వాత డబ్బాల్లోకి ఇంకోసారి చూసి, కొంగుతో మూతి అదిమి పట్టుకుని లోపలికెళ్ళింది. నాకు ఏడుపు రాలేదు. వచ్చుంటే బాగుండేది.

ఆ రోజే నాగాయలంక బస్సెక్కాను. మావయ్యకి చెప్పకుండా నేరుగా చేలో దిగాను. గట్టు లేదు. రెండు చేల మధ్య ఏమీ లేదు, ఒకటే పల్లం, నాలుగు వైపులా కొత్తగా పోసిన బురద కట్ట, అడుగున అప్పుడే ఎక్కిస్తున్న నీళ్ళు. కట్ట మొత్తం నడిచాను. వల చేతిలోనే ఉంది. ఒక్కచోట, పొక్లెయిన్ చైను జాడలో, రెక్క తునక దొరికింది. నలుపు మీద రెండు ఎర్ర చుక్కలు. నలిగిపోయింది. అసలుదో నకిలీదో చెప్పాలంటే నాకు పొట్ట కావాలి. పొట్ట లేదు.

అసలువి పోయాయి. నకిలీవి ఎక్కడైనా నాలుగు మిగిలినా, అక్కడి పిట్టలకి ఎరుపంటే భయం నేర్పేవాళ్ళు ఇక లేరు. రేపు పుట్టే పిట్ట ఆ ఎర్ర చుక్కని దూరం నుంచే చూస్తుంది, నేరుగా వచ్చి తింటుంది. ఇన్నాళ్ళూ కాపాడిన రంగే చూపించి పట్టిస్తుంది. నలుపూ తెలుపూ ఉన్నవి దాక్కుని బతుకుతాయి. కొన్నాళ్ళకి నాగాయలంక ఉన్న ఈ దివిసీమ కూడా గుడివాడ అవుతుంది. ఎవరూ గమనించరు, ఎందుకంటే కరివేపాకు మీద పురుగులు అలాగే ఉంటాయి, పెరట్లో నల్ల సీతాకోకచిలుకలు అలాగే ఎగురుతుంటాయి.

మావయ్యకి కనపడకుండానే తిరిగొచ్చాను. కట్ట మీద ఎవరో పిల్ల వల పట్టుకుని తిరిగిందని ఎవరో చెప్పారట, సాయంత్రం ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మొదటిసారి ఫోన్ మోగుతుంటే చూస్తూ కూర్చున్నాను.

ఒకటి మిగిలింది. గొడవకి ముందు రాత్రి ప్యూపా అయినది, దోమతెరలో పెట్టినది. అది ఆ బజారు ఆకు తినలేదు. కాడకి నడుం దగ్గర ఒక దారం పోగుతో తనని తాను కట్టుకుని, ఎండుటాకులా ఉంది. నాకు కావాల్సింది ఒక్కటే. అది ఆడది కావాలి, ఎర్రది కావాలి. ఒక్క ఎర్ర ఆడది వస్తే తల్లి ఎరుపు కూతురికి అందిందని చూపించొచ్చు. దానికి జత దొరికితే గుడ్లు, గుడ్లు వస్తే మళ్ళీ మొదట్నుంచి. ప్యూపా అడుగున చిన్న గీతని బట్టి ఆడో మగో చెప్పొచ్చు. మేడమ్ ఫొటో తీసి పంపమన్నారు. నేను రోజూ వంద ఫొటోలు తీసే మనిషిని. ఆ ఫొటో మాత్రం తియ్యలేదు.

పదకొండో రోజు ప్యూపా నల్లబడింది. పైపొర పల్చబడి లోపలి రెక్క కనిపిస్తుంది. ఫోన్ లైటు వేసి చూశాను. తెల్ల మచ్చలు కనిపించాయి. ఎరుపు చివర్లో వస్తుందేమో అనుకున్నాను. అలా ఎక్కడా చదవలేదు.

మర్నాడు ఎనిమిదింటికి పగిలింది. పిన్నిని పిలిచాను. బాబాయ్ కూడా పనికి బయల్దేరబోయి ఆగి, మేడ ఎక్కొచ్చాడు. తడిసిన గుడ్డముక్కలా ఉన్న రెక్కలు కొంచెం కొంచెంగా విచ్చుకున్నాయి. నలుపు. అడ్డంగా తెల్ల మచ్చల వరస. అంతే. పొట్ట చివర చూశాను, ఇంకా ఏదో మిగిలుందేమో అన్నట్టు. మగదే.

బాబాయ్ వంగి, అద్దిన బట్టని వెలుతురుకి పట్టి చూసినట్టు చూశాడు.

“దీనికి పటిక తగిలిందో లేదో,” అన్నాడు.

“తెలీదు బాబాయ్.”

“తెలుసుకోడానికి లేదా?”

“నా దగ్గర లేదు.”

మా కాలేజీలో జన్యువు చదివే యంత్రం లేదు. ఒక్క మగదానితో ప్రాజెక్ట్ కాదని మేడమ్ ఎప్పుడో చెప్పేశారు. ఆ తల్లికి ఎరుపు తన అమ్మ నుంచీ నాన్న నుంచీ, రెండు వైపులా వచ్చుంటే వీడిలో కచ్చితంగా ఉంటుంది. ఒక్క వైపే ఉండుంటే ఉండొచ్చు, లేకపోవచ్చు. తండ్రి ఎవరో తెలీదు. చెప్పగలిగిన అక్కచెల్లెళ్ళు ముప్పై డబ్బాల్లో ఎండిపోయారు. వాళ్ళలో ఎంతమంది అక్కచెల్లెళ్ళో కూడా ఇక తెలీదు.

తెర తీశాను. కాసేపు అంచు మీద కూర్చుని, రెక్కలు రెండుసార్లు ఆడించి, గోడ దాటి పిన్ని చెట్టు మీదుగా వెళ్ళిపోయాడు. కొన్నాళ్ళు బతుకుతాడు. ఈ చుట్టుపక్కల దొరికేవన్నీ నల్లటి ఆడవే. ఎరుపు ఉంటే వాటి పిల్లల్లో సగంమందికైనా అందుతుంది. బయటపడితే వాటిని పిట్ట తింటుంది. బయటపడకపోతే నాకు తెలీదు.

వాడు ఎగిరే ముందు తీసిన పదకొండు సెకన్ల వీడియో ఉంది నా ఫోన్లో. ఎవరికీ పంపలేదు. వేళ్ళతో పెద్దది చేసుకుంటూ పోతాను, మచ్చలు చతురస్రాలుగా విడిపోయేదాకా. తెలుపు, నలుపు, తెలుపు.

మేడమ్ నాకు కొత్త ప్రాజెక్ట్‌గా దోమ లార్వాలు ఇచ్చారు. మురిక్కాలవ నీళ్ళు సీసాలో పట్టుకొస్తే చాలు. పిన్ని ఇప్పటికీ అలవాటు కొద్దీ గిన్నె గోడ మీద పెడుతుంది. తీసుకుంటాను, వద్దనడానికి నోరు రాదు. చిల్లులున్న ఆకులు. పప్పులో వేసుకుంటాను.